రాయపమ్మ కారం

మాచవరం మిరపచేలల్లో కాయ కోసే రాయపమ్మ కొంగున ఎప్పుడూ కారప్పొడి ముడి ఉండేది. ముద్ద ఎర్రబడకపోతే ఆమెకు తిన్నట్టే ఉండదు. తిన్నాక కుడి బుగ్గన పొగాకు కాడ దోపుకుని మళ్ళీ సాలులో వంగేది. సాగరు డ్యాము కడుతున్న రోజుల్లో ఆ బుగ్గలోనే పుండు లేచింది. డాక్టరు లేని సర్కారు ఆసుపత్రిలో కాంపౌండరు నోటిపూత అన్నాడు. వెళ్ళిన ప్రతిసారీ ఊదారంగు మందు పూసి పంపాడు. ఈస్టరు ముందు నలభై రోజుల తపస్సుకాలం రాగానే ఆమె కారం మానేసి మజ్జిగన్నానికి దిగింది. దేవుడి కోసం మానిందని గుడిలో అంతా మెచ్చుకున్నారు. రాయపమ్మ కాదనలేదు.

ఈస్టరు పండగనాడు కోడలు లూర్దమ్మ కోడికూర వడ్డిస్తే, ఆమె ముక్కను నీళ్ళలో కడిగి నోట్లో పెట్టుకుంది. "తపస్సుకాలం అయిపోయిందిగా అత్తా, ఇంకా ఇదేంది? ఏదీ, నోరు తెరువు!" అంది కోడలు. ఆ నోట్లో రెండు వేళ్ళు కూడా దూరలేదు. మర్నాడే ఇద్దరూ గుంటూరు బస్సెక్కారు. "ఇది రాచపుండు. బాగా ఆలస్యమైంది. అయినా చెయ్యి దాటలేదు," అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. బుగ్గ కోసి పుండు తీసేశారు. పొగాకు కాడ ఆనాటితో సరి.

మరుసటేడు ఈస్టరుకి, లోపలికి పోయిన బుగ్గతో, రాయపమ్మ కూర కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లూర్దమ్మ చెంబు పట్టుకుని పరుగున వచ్చింది.

"నీళ్ళెందుకే? ఇది మిరపకాయ మంటేలే," అంది రాయపమ్మ, కంచం ముందుకు జరుపుతూ. "ఇంకాస్త వెయ్యి."