ఎల్లర్కర్ గారి గుమ్మం మీది పలక

మా హల్ రేవులో తిమింగలం నూనె అమ్మి మేడలు కట్టినవాళ్లు చాలామందే ఉన్నారు. రాజుగారి ముందు మోకరిల్లి ‘సర్’ అనిపించుకున్నవాడు మాత్రం మా ఎదురింటి జేబెజ్ ఎల్లర్కర్ ఒక్కడే. లండన్ నుంచి వస్తూనే బండి తలుపుకీ, చెంచాలకీ, చివరికి బొగ్గు పెట్టెకీ కూడా కొత్త వంశచిహ్నం వేయించాడు. మూడు పీపాలు, వాటి మీద తిమింగలం.

"పంది ఈదుతున్నట్టుంది," అంది ఆయన భార్య కెజాయా. ఒకప్పుడు రేవులో వలలు అల్లిన మనిషి. భర్త ‘సర్’ కావడంతో తను ‘లేడీ’ అయ్యాక కూడా గుమ్మం తానే తోముకునేది. "ఎవరైనా చూస్తారే," అని ఆయన కిటికీలోంచి గొణిగేవాడు.

మా దగ్గర పెద్దింట్లో ఎవరైనా పోతే, వాళ్ల చిహ్నం వేసిన చెక్క పలకని గుమ్మం పైన ఏడాదిపాటు వేలాడదీస్తారు. భర్త పోతే ఎడమ సగం నలుపు, భార్య పోతే కుడి సగం. తెల్లగా ఉన్న సగం బతికున్నవాళ్లది. జేబెజ్ ఈ పాఠమంతా భార్యకి రొట్టె ముక్క మీద గీతగీసి మరీ నేర్పాడు.

కొడుకులిద్దరూ గ్రీన్‌లాండ్ మంచులో ఓడతో సహా పోయారు. మిగిలింది కూతురు థర్జా. ఆ దిగులుతోనే కెజాయా మంచం పట్టింది. దగ్గితే రుమాలు ఎర్రబడేది. ఆ శరదృతువంతా జేబెజ్ మంచం పక్కనే కూర్చుని ద్రాక్షపళ్లు ఒలిచి పెట్టాడు.

నేను పులుసు తీసుకెళితే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "రోజూ నిద్ర పట్టిందా అని అడుగుతున్నాడమ్మా. పెళ్లయ్యాక ఎప్పుడైనా అడిగాడా? నేను పోతే తట్టుకోలేడు. ఆయన కోసమైనా లేవాలి."

నిజంగానే లేచింది. వసంతం వచ్చేసరికి మెట్లు దిగింది. ఆ నెలలోనే జేబెజ్ నూనె కొట్లో నిలుచున్నచోటే కూలిపోయాడు.

థర్జా పలకలకి రంగులేసే స్టాథర్‌కి కబురు పంపింది, ఇంట్లో చావు జరిగింది, పలక కావాలని. మర్నాడు శవపేటిక బయటికొచ్చే వేళ, కూతురి భుజం పట్టుకుని కెజాయా గుమ్మంలోకొచ్చింది. వీధి వీధంతా తలెత్తి గుమ్మం పైన వేలాడుతున్న పలకనే చూస్తోంది. పలకకి టోపీ తీసిన పెద్దమనిషి ఆవిడని చూసి, మళ్లీ పెట్టుకోవాలో వద్దో తెలియక పొట్టకి అదుముకున్నాడు.

కెజాయా కూడా పైకి చూసింది. కుడి సగం నలుపు.

స్టాథర్ ముఖం పాలిపోయింది. "తప్పయిపోయిందమ్మగారూ. చావు అనగానే... మీరు కదా జబ్బుపడింది..."

"రాత్రికి రాత్రే రంగు ఆరిందేం, స్టాథర్?"

అతను బూట్ల వైపు చూశాడు.

"చెప్పవయ్యా. ఎవరు చేయించారు?"

"పెద్దాయనేనండి. ద్రాక్షల కాలంలో. చలి ముదిరితే రంగు ఆరదు, ఇప్పుడే వేసి ఉంచమన్నారు. తిమింగలాన్ని బాగా దిద్దమన్నారు."

"అమ్మా, లోపలికి పద," అంది థర్జా.

"ఆగవే." కెజాయా పలక మీంచి చూపు తిప్పలేదు. "ఆయనెప్పుడూ అంతే. చలికాలం బొగ్గు కూడా వేసవిలోనే కొనేవాడు."

స్టాథర్ నిచ్చెన ఎత్తాడు. "ఇప్పుడే దించేస్తానండి. సాయంత్రానికల్లా సరిచేసి తెస్తా."

"దించొద్దు. నా సగం అయిపోయింది కదా. ఆయన సగం కూడా నలుపు పుయ్యి."

"అలా చేస్తే ఇద్దరూ పోయారని చదువుకుంటారండీ జనం."

"చదువుకోనీ."

పూశాడు. ఏడాదంతా అది అక్కడే వేలాడింది. పరామర్శకి వచ్చిన బయటూరి వాళ్లు పలక చూసి, తలుపు తట్టకుండానే వెనుదిరిగేవారు. ఆవిడ దాని కిందే కిటికీ దగ్గర కూర్చుని వాళ్లు పోవడం చూసేది. గుమ్మం తోమడం మానేసింది. నేను పులుసు తీసుకెళితే, "చచ్చినదానికి ఇదెందుకమ్మా," అని నవ్వి, గిన్నె ఖాళీ చేసేది. ఆయన పేరు మాత్రం మళ్లీ ఎత్తలేదు. ద్రాక్షపళ్లు ఇంట్లోకి రానివ్వలేదు.

తర్వాత పలకని చర్చి గోడకెక్కించారు. ఆవిడ ఇంకా చాలా ఏళ్లు బతికింది. పోయిన మర్నాడు థర్జా గంట మోగించమని అడగడానికి చర్చికి వెళితే, తోడుగా నేనూ వెళ్లాను.

గంటలు కొట్టే ముసలాయన పైనున్న పలక వైపు చూసి తల గోక్కున్నాడు. "లేడీ ఎల్లర్కరా? ఆవిడ అప్పుడే పోలేదూ?"

థర్జా కూడా తలెత్తి పలక వైపు చూసింది.

"పోయింది," అంది. "ఇవాళ పూడుస్తున్నాం."