రెప్ప కింద ఎరుపు వెతికిన మాస్టారు

మార్కాపురంలో జంతుశాస్త్ర అధ్యాపకులు వెంకటరంగయ్యగారు మొన్న ఆదివారం హఠాత్తుగా పరమపదించారు. ఆ వార్త నమ్మలేక, ఫోను చేసినవారినే “ఏ రంగయ్య?” అని అడిగాను, నాకేదో పదిమంది రంగయ్యలు ఉన్నట్టు. మేనమామగా దక్కి, పిల్లనిచ్చే మామ కాబోయి, చివరకు నాకు మాస్టారుగానే మిగిలిన మనిషి ఆయన.

తరగతికి పలకల ఫ్యాక్టరీ నుంచి ఒక కొలతచెక్క తెచ్చేవారు. “దీని మూల అరిగిందనుకోండ్రా. కోసేవాడు ఎంత పనిమంతుడైనా పలకలు వంకరగానే వస్తాయి. చెక్క విరిగిందా, పనే ఆగిపోతాది. డీఎన్ఏ ఇట్లాంటి కొలతే. అది మారితే ఒక్కోసారి ఏమీ కాదు. ఒక్కోసారి ప్రోటీను చెడిపోతాది, తక్కువైతాది, లేదంటే రానే రాదు. అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి, రెండు కొలతలుంటాయి. ఒకటి పోతే రెండోది కాస్తాది. రెండూ పోతే?” అక్కడ ఆపి, ఆ చెక్కను తీసి బల్ల కింద పెట్టేసేవారు. ఆ పాఠం నా బుర్రకెక్కలేదు; రక్తంలో మాత్రం ముందే ఉందని తర్వాత తెలిసింది.

ఆ రెండూ పోయిన బిడ్డ ఆయన కొడుకే. మాస్టారిది మేనరికం. దంపతులిద్దరిలోనూ చెరొక చెడిన కొలత ఉన్నట్టు ఎవరికీ తెలియదు. రక్తానికి ఎరుపునిచ్చే ప్రోటీను సరిగా తయారుకాని ఆ పసివాడు, తలసీమియాతో, పరాయి రక్తం ఎక్కించుకుంటూ బతికి, బడి చదువు ముగియకుండానే వెళ్లిపోయాడు. రక్తం తక్కువైతే అక్కడ పాలిపోతుందని, నాటినుంచి మాస్టారు కనబడిన ప్రతి బిడ్డ కింది రెప్పా లాగి ఎరుపు చూసేవారు. “పెండ్లికి పిలిస్తే అన్నం తిని పోవాలగానీ, పిల్లోళ్ల కండ్లు పీకుతాడేంది ఈయన!” అని బంధువులు నవ్వేవారు.

ఆయన కూతురిని నాకు చేసుకోవాలని అమ్మ ముచ్చటపడింది. ముందు రక్తపరీక్ష అన్నారు మాస్టారు. నాలోనూ, ఆ పిల్లలోనూ అదే చెడిన కొలత ఒక్కొక్కటి బయటపడింది.

“ఏంది తమ్ముడూ, నా కొడుకు రక్తం నీకు చేదైందా?” అని అమ్మ నిలదీసింది.

“చేదు కాదక్కా. మనది ఒకటే రక్తం. నా భయమే అది.”

“పిల్లనియ్యడం ఇష్టం లేదని చెప్పు. సదువు అడ్డం పెట్టుకోబాక!”

“ఒక బిడ్డను మట్టిలో పెట్టినాను. ఇంకొకర్ని పెట్టలేనక్కా.”

అమ్మ మళ్లీ ఆయన గడప తొక్కలేదు. ఆయన మాత్రం ప్రతి పండక్కీ బేస్తవారిపేట వచ్చి, మా వాకిట్లో నిలబడి, “అక్కా, నేనే” అని పిలిచేవారు. తలుపు తెరుచుకునేది కాదు. పండ్ల సంచి అరుగు మీద ఉంచి వెళ్లిపోయేవారు.

ఆదివారం అమ్మ ఆ గడప దాటింది. పార్థివదేహం పక్కన ఆయన మనవరాలు, బయటి సంబంధం చేసుకున్న కూతురికి పుట్టిన పిల్ల, బిక్కుబిక్కుమంటూ నిల్చుంది. అమ్మ ఆ చిన్నారిని దగ్గరకు తీసుకుని, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసింది. తర్వాత తమ్ముడి ముఖం మీదికి వంగింది.

“ఎర్రగా ఉందిరా నాయనా. శానా ఎర్రగా ఉంది.”

ఆ జ్ఞానమూర్తికి, ఆయన చెప్పింది ఆలస్యంగా అర్థమైన శిష్యుడిగా చేతులు జోడిస్తున్నాను. అక్క నోటి మాట కోసం అన్ని పండుగలు వాకిట్లో నిలబడిన మనిషి, ఆ మాట వినలేదు.