చెప్పులు తొడగని యోధుడు

ప్రాణమిచ్చే దోస్తును నా చేతులతో నేనే డ్రాగన్ నోట్లోకి తోసిన వైనం చెబుతాను, వినండి. తప్పు డ్రాగన్‌ది కాదు పాపం, దాని పని అది చేసింది. నా తెలివి చేసిన పనికే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

అప్పుడు నేనూ యాకూబూ ఇంటర్ రెండో ఏడు. వాళ్ళ నాన్నది రైల్వేలో ఉద్యోగం. కాజీపేటలో వాళ్ళ క్వార్టర్ ముందుగదిలో ఒక కంప్యూటరు, రెండు కంట్రోలర్లు ఉండేవి. మేమిద్దరం కలిసి ఆడే ఆటలో రాజ్యాలు, రాక్షసులు, చిట్టచివర నిప్పులు కక్కే డ్రాగన్. యాకూబ్ యోధుడు, నేను మాంత్రికుణ్ణి. శత్రువుల్ని చంపేకొద్దీ పాయింట్లు వస్తాయి. బలం మీద వేసుకుంటే కత్తి దెబ్బ పెరుగుతుంది, ప్రాణం మీద వేసుకుంటే అంత తొందరగా చావం. ఒకసారి వేసిన పాయింటు మాత్రం వెనక్కి రాదు.

ఆ ఒక్క ముక్కే కొంప ముంచింది. వెనక్కి రానిదాన్ని తొందరపడి ఎవరైనా ఖర్చు పెడతారా? నేను పెరిగిన ఇల్లు అలాంటిది మరి. మా ఇంట్లో టీవీ రిమోట్ కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లోనే ఉంటుంది. చుట్టాలొస్తే తీద్దామని అద్దాల అల్మారాలో పెట్టిన పువ్వుల డిన్నర్ సెట్టు అక్కడే ఉంది, వచ్చిన చుట్టాలంతా స్టీలు పళ్ళేల్లో తిని పోయారు.

"అరేయ్ సీనూ, మస్తు పాయింట్లు జమైనయ్‌రా. బలం మీద ఏస్తాన."

"ఆగురా! ఏందా ఆత్రం? ఇంకా ప్లాను ఫైనల్ కాలే."

"పోయిన వారమే అయిందన్నవ్ గదరా?"

"అది పాతది. నిన్న ఇంకో వీడియో చూసిన."

కొత్త వీడియో చూసినప్పుడల్లా నా ప్లాను మారేది. దారిలో దొరికిన అమృతం సీసాల్ని తాగనివ్వలేదు, డ్రాగన్ దగ్గర పనికొస్తాయన్నాను. మంటల కత్తి దొరికితే సంచిలో పెట్టించాను. ఆఖరికి తోలు చెప్పులు దొరికితే అవి కూడా తొడగనివ్వలేదు, అరిగిపోతాయట! యాకూబ్ యోధుడు తుప్పుకత్తి పట్టుకుని, ఉత్తకాళ్ళతో లోకాన్ని రక్షించడానికి బయల్దేరాడు.

అదే గదిలో బ్యాంకు పరీక్షలకు చదువుకునే వాళ్ళ అక్క నస్రీన్ ఇదంతా చూసీ చూసీ ఓ రోజు పుస్తకం మూసేసింది.

"సీనూ, మా తమ్ముని బొమ్మకు జర చెప్పులన్న తొడగనియ్యరాదురా? చూస్తాంటే కడుపు తరుక్కపోతాంది."

"అవి డ్రాగన్ కాడికి పోయినప్పుడక్కా."

"ఏం, డ్రాగన్ పెండ్లిచూపులకు వస్తాందా?"

యాకూబ్ నవ్వాడు. "ఊకో అక్కా. వాడు అన్నీ చదివిండు, వానికెరుక" అన్నాడు. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ తలెత్తుకోలేను.

అంతలో వాళ్ళ నాన్నకు మహారాష్ట్రలోని బల్లార్షాకు బదిలీ అయింది.

"పోయేలోపట డ్రాగన్‌ను సంపాలెరా" అన్నాడు యాకూబ్. "ఆడ నాకెవ్వలున్నరు? ఇదొక్కటన్న ఇద్దరం కలిసి చేసినమని యాదికుంటది."

"ఫికర్ జెయ్యకు. ప్లానుంది."

నేను ఇంకొకటి కూడా దాచుకున్నాను. నువ్వు లేకపోతే నాకీ ఊళ్ళో ఏమీ తోచదురా అని వాడితో చెప్పాలి. మంచి మాట కదా, మంచి సందర్భం ఉండాలి. డ్రాగన్ చచ్చాక భుజం మీద చెయ్యేసి చెబుదామనుకున్నాను.

వాళ్ళు వెళ్ళే రోజు పొద్దున మంచాలూ బీరువాలూ లారీ ఎక్కుతున్నాయి. ఖాళీ గదిలో కంప్యూటరూ మేమిద్దరమూ మిగిలాం. తెరమీద డ్రాగన్ గుహ.

"ఇప్పుడన్న ఎయ్యాల్నా పాయింట్లు?"

"ఆగు. ముందు లోపలికి పోయి దాని దెబ్బెట్లుంటదో చూద్దాం. దాన్నిబట్టి ఏద్దాం."

అడుగు పెట్టామో లేదో, వెనక తలుపు దభాలున మూసుకుంది. డ్రాగన్ ఒక్కసారి ఊదింది.

"సచ్చిపోతాన్రా! ప్రాణం మీద ఎయ్యాల్నా, బలం మీద ఎయ్యాల్నా?"

"ప్రాణం... ఆగాగు, బలం! కాదు కాదు, సగం సగం!"

చేతులు కాలాక ఆకులు పట్టుకునేది మామూలు మూర్ఖుడు. చేతులు కాలుతుండగా ఏ ఆకు మంచిదో ఆలోచించే రకం నేను. చివరికి బలం మీద వెయ్యమన్నాను. యాకూబ్ బటన్ నొక్కాడు. యుద్ధం జరుగుతుండగా పాయింట్లు వేయడం కుదరదని తెరమీద వచ్చింది. అన్ని వీడియోలు చూశాను కదండీ, ఈ ఒక్క సంగతి నాకు తెలియదు!

"అమృతం తాగురా!"

"పెద్ద సీసానా, చిన్నదా?"

"చిన్నది తాగు, పెద్దది ఎనకకు..."

మాట పూర్తికాకముందే యాకూబ్ బూడిదయ్యాడు, వాడి వెనకే నేను. ఆలస్యం చేస్తే అమృతం విషమవుతుందంటారు. మాది విషం కూడా కాలేదు, సంచిలో చుక్క తగ్గకుండా ఉండిపోయింది.

"ఇగ బంద్ జెయ్యిండ్రి, లారీ పోవాలె" అంటూ వాళ్ళ నాన్న వచ్చి వైరు పీకారు.

యాకూబ్ నన్ను తిట్టినా బాగుండేది. నల్లబడ్డ తెరవైపు చూస్తూ "చెప్పులు తొడుగుడు కూడ మర్సిపోయినంరా" అన్నాడు.

సాయంత్రం స్టేషన్‌కు వెళ్ళాను. ఆ మాటైనా చెప్పాలి. "నీకొక ముచ్చట చెప్తరా" అని మొదలుపెట్టాను. పక్కన వాళ్ళమ్మ ఉందని ఆగాను. వాడు చాయ్ తాగుతున్నాడని ఆగాను. రైలు కదిలేటప్పుడైతే బాగుంటుందని ఆగాను. కదిలింది.

"ఏందో చెప్తనన్నవ్ గదరా!" అని తలుపు దగ్గర్నుంచి అరిచాడు.

"ఫోన్ జేసి చెప్త!"

చెయ్యలేదు. కొన్నాళ్ళకు వాడే చేశాడు.

"సీనూ! డ్రాగన్‌ను సంపినంరా!"

"ఎవరితోని?"

"ఈడ పక్క క్వార్టర్ల పోరడు. మళ్ల మొదటికెల్లి ఆడినం."

"ప్లానేందిరా?"

"ప్లాను లేదు, ఏం లేదు. పాయింట్లొచ్చినయ్, ఏసినం. చెప్పులు దొరికినయ్, తొడిగినం."

సంతోషంరా అన్నాను. ఏం సంతోషం? వాడి పక్కన కూర్చోవాల్సింది నేను! ఫోన్ పెట్టేశాను. తర్వాత లేచి, అల్మారా తెరిచి, పువ్వుల పళ్ళెంలో అన్నం పెట్టుకున్నాను. అమ్మ అదిరిపడింది.

"ఎవలొచ్చిండ్రురా?"

"ఎవ్వలు రాలేదమ్మా. అందుకే తీసిన."

ఏళ్ళు గడిచాయి. యాకూబ్ కూడా రైల్వేలోనే చేరాడు. ఇవాళ మీ అందరి ముందూ, ఆ డ్రాగన్ కక్కిన అగ్ని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మంచిదాన్నీ దాచను. చెప్పులు దొరికితే తొడుగుతాను, అమృతం దొరికితే తాగేస్తాను, మాట నోటిదాకా వస్తే అక్కడికక్కడే చెప్పేస్తాను. ముందుగా యాకూబ్‌కు ఫోన్ చేసి ఆ పాత మాట చెబుతాను. ఇవాళ కాదు లెండి, డ్యూటీలో ఉంటాడు. ఆదివారమైతే తీరిగ్గా ఉంటాడు.