నంబరు చదివితేనే లెక్క

మా ఆయన విల్ఫ్ బతుకంతా రెండే పనులు చేశాడు. వారమంతా స్టాక్‌పోర్టులో బస్సు నడిపాడు. శనివారం వస్తే మాంచెస్టర్ విమానాశ్రయం పక్కన మట్టిదిబ్బ మీద నిలబడి విమానాలు చూశాడు. రిటైరయ్యాక మొదటి పని పోయింది, రెండోది మిగిలింది. నేను పక్కనే మడతకుర్చీ వేసుకుని స్వెటర్లు అల్లుకునేదాన్ని. ఏ విమానం ఏదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ దిబ్బ మీది మగాళ్ళకో పట్టింపు ఉంది. ప్రతి విమానానికీ వెనకవైపు పెద్ద అక్షరాలతో ఒక నంబరు రాసి ఉంటుంది. అది కళ్ళారా చదివితేనే ఆ విమానం చూసినట్టు. పక్కవాడు చదివి చెబితే చెల్లదు. ఒక కంపెనీ పెద్ద విమానాలన్నీ విల్ఫూ, తన చిన్ననాటి స్నేహితుడు రోనీ కలిసి చూసేశారు, ఒక్కటి తప్ప. అది దొరక్కుండానే రోనీ పక్షవాతంతో మంచాన పడ్డాడు. "నా బదులు నువ్వు చదివి రారా," అన్నాడు. పోయిన శనివారం అది ఆఖరిసారి వచ్చింది. ఇక తుక్కుకే పోతుందట.

కారులో వెళుతూ దారిపొడుగునా విల్ఫ్, "ఆ బోర్డు మీద ఏముందో చదువు చూద్దాం," అంటూనే ఉన్నాడు.

"ఇన్నేళ్ళు బస్సు తోలినవాడివి, నీకు నేను దారి చెప్పాలా?" అన్నాను. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. అంతకుముందు వారం కారు అద్దం విరిగితే పాలబండివాడు గుద్దాడన్నాడు. అదీ నమ్మాను.

విమానం మా నెత్తి మీంచే దిగింది. దిబ్బ మీద అందరూ చప్పట్లు కొట్టారు. ఒకాయన విల్ఫ్ భుజం తట్టి, "అయిపోయింది గదా నీ ఆఖరిది. ఇంక చచ్చినా ఫరవాలేదు," అన్నాడు. విల్ఫ్ బైనాక్యులర్ దించలేదు. విమానం ఆగి చాలాసేపైనా దించలేదు. ఫ్లాస్కులో టీ పోసి ఇస్తే కప్పు పక్కన గాలిని పట్టుకున్నాడు. ఆనందంతో కళ్ళు చెమర్చాయనుకుని నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అక్కణ్ణుంచి రోనీ ఇంటికి వెళ్ళాం. వాళ్ళావిడ గ్లెనిస్ కేకు చేసి పెట్టింది. రోనీని ముందుగదిలో దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది.

"దొరికిందా?" అన్నాడు రోనీ.

"లేదురా."

"రాలేదా? మా కిటికీలు గడగడలాడితే అదే అనుకున్నానే."

"వచ్చింది. చదవలేకపోయాను."

"అంతంత అక్షరాలు చదవలేకపోవడమేంట్రా?"

విల్ఫ్ టోపీ ఒళ్ళో పెట్టుకుని నలుపుతూ చెప్పాడు. "చూసేచోట ఏమీ ఉండటం లేదురా. చుట్టూ ఉంటుంది, మధ్యలో ఉండదు. నీ మంచం కనిపిస్తోంది. నీ మొహం లేదు."

గ్లెనిస్ చేతిలో కత్తి కేకు మీదే ఆగిపోయింది.

"ఎన్నాళ్ళయింది?" అని నేను అడిగాను.

రోనీ వంకరబోయిన నోటితోనే బతిమాలాడు. "చదివానని చెప్పెయ్యరా. ఎవడొచ్చి చూశాడు?"

"చదవందాన్ని చదివానని ఎలా చెప్పనురా?"

నాకు అరవాలనిపించింది. కళ్ళ డాక్టరు గోడమీద పెట్టిన అక్షరాలు కంఠతా పట్టి ఒప్పజెప్పానని ఆ తర్వాత తనే చెప్పాడు. నాతో పాలబండి కథ చెప్పాడు. కారు పోతే శనివారాలు పోతాయని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంత రద్దీలో గుడ్డిగా తోలాడు. అన్ని అబద్ధాలాడిన మనిషికి ఒక్క విమానం నంబరు దగ్గర నోరు పెగల్లేదు. అదీ ఆడేసుంటే మళ్ళీ కారెక్కి ఇద్దరం ఏ లారీ కిందో తేలేవాళ్ళం.

"నా మొహం?" అన్నాను.

తల పక్కకి తిప్పి, గోడకేసి చూస్తూ, "ఇలా చూస్తే కొంచెం తెలుస్తుంది," అన్నాడు.

కారు తాళాలు అడక్కుండానే నా చేతిలో పెట్టాడు. నాకు నడపడం రాదు. కారు రోనీ ఇంటిముందే వదిలేసి బస్టాపుకి నడిచాం. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు, కాసేపటికి తనే పట్టుకున్నాడు. నాకు భయంగా ఉంది. తనకి అంతకన్నా భయంగా ఉందని ఆ చెయ్యి చెబుతోంది.

ఇళ్ళ మీంచి ఒక విమానం దిగుతోంది. అలవాటుకొద్దీ తలెత్తాడు. "ఏముంది దాని మీద?"

ఇన్నేళ్ళలో మొదటిసారి నేను చదవాలని చూశాను. చదివేలోపే ఇళ్ళ వెనక్కి పోయింది.

"తెల్లగా ఉంది," అన్నాను.

"తెల్లగా ఉందని నాకూ తెలుసు," అన్నాడు.

ఇంతలో బస్సు వచ్చి ఆగింది. ఆ దారిలో బతుకంతా బస్సు తోలిన మనిషి, నా చెయ్యి వదలకుండా, అది ఎన్నో నంబరని నన్ను అడిగాడు.