బ్రేక్‌రూమ్‌లో మేనేజర్ గొంతు

అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో పనిచేసిన రోజుల్లో మా టీమ్‌లో నేనే పెద్ద హాస్యగాణ్ణి. నాకు వచ్చిన విద్య ఒక్కటే, మా మేనేజర్ గొంతు అనుకరించడం. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చి "వన్ క్విక్ క్వశ్చన్" అనేవాడు. ఇక గంటసేపు ఎవరో ఒకరిని అందరి ముందూ కడిగేసేవాడు. మధ్యాహ్నం బ్రేక్‌రూమ్‌లో నేను ఆ మూడు మాటలూ అంటే చాలు, తింటున్నవాళ్లకి పొలమారేది.

అందరికంటే ఎక్కువ నవ్వేది నా పక్క సీటు ఆమె. గుంటూరు వైపు మనిషి, ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలు పాడేది. బిడ్డను ఉంచే డేకేర్ ఆరింటికే మూసేస్తారు, ఐదున్నరకల్లా బయల్దేరాలని ఆయనకు చెప్పుకుంది. మరుసటి వారం నుంచి ఆయన ఆమెతో మీటింగులు ఐదుంబావుకి పెట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేనూ ఉన్న మీటింగులో డేకేర్ నుంచి ఆమె ఫోన్ మోగుతుంటే, తీయడానికి వీల్లేదన్నాడు. ఆమె ఫోన్ బోర్లా పెట్టేసింది.

మర్నాడు మైక్రోవేవ్ దగ్గర నన్ను ఆపింది.

"అన్నా, హెచ్‌ఆర్‌లో కంప్లైంట్ చేద్దామనుకుంటున్నా. నువ్వు కూడా రావా? నిన్న చూసింది చెప్తే చాలు."

అప్పుడు నా గ్రీన్‌కార్డ్ ఫైలు ఆ కంపెనీ చేతిలో ఉంది. ఆ మాట చెప్పినా బాగుండేది. చెప్పలేదు. కళ్లజోడు కిందికి జార్చి, "వన్ క్విక్ క్వశ్చన్" అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "నువ్వు మారవన్నా" అని వెళ్లిపోయింది. గండం గడిచిందనుకున్నాను.

ఆమె ఒక్కతే వెళ్లి కంప్లైంట్ చేసింది. హెచ్‌ఆర్ నన్ను పిలిచి అడిగితే, సరిగ్గా గుర్తులేదన్నాను. రెండు నెలలకి ఆమె ఉద్యోగం తీసేశారు. తీసేసిన రోజు మధ్యాహ్నం కూడా బ్రేక్‌రూమ్‌లో ఆయన గొంతు చేశాను. ఎన్నడూ లేనంతగా నవ్వారు.

తర్వాత వేరే రాష్ట్రంలో, మోరిస్‌విల్‌లో నాకు ఉద్యోగం దొరికింది. ఇక్కడి మేనేజర్ నెమ్మదస్తుడు. ఒక లంచ్‌లో, పాత మేనేజర్ మనుషుల్ని ఎలా కడిగేసేవాడో చెబుతూ ఉత్సాహంగా ఆ గొంతు తీశాను. ఎవరూ నవ్వలేదు. అమెరికాలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి ఒకతె మాత్రం, "వెయిట్, ఆయన్ని ఎవరూ రిపోర్ట్ చేయలేదా?" అని అడిగింది. అప్పుడు అర్థమైంది, నాది గొప్ప మిమిక్రీ ఏమీ కాదు. అక్కడ పొద్దుట్నుంచీ ఊపిరి బిగబట్టుకుని ఉన్నవాళ్లకి నవ్వడానికి ఏదో ఒకటి కావాలి, అంతే.

ఆ వారమే ఆమెకు ఫోన్ చేశాను. హెచ్‌ఆర్‌కి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.

"తెలుసన్నా. హెచ్‌ఆర్ వాళ్లు అప్పుడే నాకు చెప్పారు" అంది.

తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. మా పిల్లలు ఏ గ్రేడ్‌కి వచ్చారని అడిగింది, చెప్పాను. వీలు చూసుకుని మళ్లీ చేస్తానంది. చేయలేదు. నాకూ మళ్లీ చేసే ధైర్యం రాలేదు.