ఎల్లారెడ్డి దగ్గర నిశ్శబ్దం అమ్మబోయిన రోజు

హోటళ్లకు, రిసార్టులకు ప్రచారం చేసిపెట్టే సంస్థలో పనిచేస్తానని చెప్పగానే అందరి కళ్లూ మెరుస్తాయి. ఊరికే తిరగడం, ఊరికే తినడం, పైగా నెలాఖరుకు జీతం అనుకుంటారు. నిజానికి నేను చూపించే గదుల్లో పడుకునేది వేరేవాళ్లు. నేను ఫొటోలు తీయించే భోజనం నా దాకా వచ్చేసరికి చల్లారిపోయి ఉంటుంది. ఈ ప్రయాణమూ అలాంటిదే. ఎల్లారెడ్డికి కాస్త అవతల రాజిరెడ్డి అనే రైతు తన ఇంటి పక్కనే నాలుగు గదులు కట్టి, ప్రచారం మాకు అప్పగించారు. ఆ మధ్య మా సంస్థను వదిలేసిన రెండు హోటళ్లూ నేను చూస్తున్నవే. "ఇది కూడా పోతే నీకివ్వడానికి నా దగ్గర పనేమీ ఉండదమ్మా" అని మా మేడమ్ నవ్వుతూ అన్నారు. ఆవిడ నవ్వుతూ అన్నారంటే ఆ మాట ఖాయమే.

ఈసారి మేం అమ్మదలచుకున్న సరుకు నిశ్శబ్దం. హారన్ల మోతతో విసిగిపోయిన నగరవాసులు వచ్చి, డబ్బిచ్చి మరీ రెండు రోజులు నోరు మూసుకుని కూర్చుంటారని మేడమ్ ఆలోచన. నేను "నిశ్శబ్దపు ఇల్లు" అని రాసిచ్చాను. అందులో తెలంగాణతనం లేదని పెదవి విరిచి, ఆవిడే "సప్పుడు లేని ఇల్లు" అని మార్చారు. ఆవిడది వైజాగ్, నాది ఒంగోలు. ఇద్దరికీ తెలిసిందల్లా ఇక్కడ చప్పుడును సప్పుడంటారనే. ఆ ఒక్క ముక్కతో, రాజిరెడ్డి గారికి చూపించకుండానే, కామారెడ్డిలో ఒకటి, ఎల్లారెడ్డిలో ఒకటి పెద్ద ఫ్లెక్సీలు కట్టించేశాం.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కితే టిఫిన్ల వేళకు కామారెడ్డిలో దిగొచ్చు. నా వెంట శ్రీకాంత్ గారున్నారు. ఒక పత్రికలో ప్రశాంతమైన చోట్ల గురించి రాస్తారు. సాయంత్రం దాకా మౌనం పాటిస్తున్నానని రైల్లోనే ఒక చీటీ చూపించి, కిటికీ వైపు తిరిగిపోయారు. స్టేషన్ బయట ఇడ్లీ తినేటప్పుడు రెండో చట్నీ కావాలని ఆయన చేసిన సైగ అర్థంకాక సర్వర్ బిల్లు తెచ్చిపెట్టాడు. ఎల్లారెడ్డికి బస్సులు బాగానే ఉన్నాయి, గంట పైచిలుకు పడుతుంది. మౌనంలో ఉన్న మనిషిని బస్సెక్కించే ధైర్యం నాకు లేక, పదిహేను వందలకు కారు మాట్లాడాను. డ్రైవర్ పేరు సాయిలు. బస్టాండు దాటుతుంటే మా ఫ్లెక్సీ కనిపించింది.

"మేడం, గా ఫ్లెక్సీ మీరే పెట్టిచ్చిండ్రా?" అని సాయిలు అడిగాడు.

"అవునండీ. బాగుందా?"

"రంగులు మంచిగనే ఉన్నయి. గని ఆ ఇంట్ల ఎవలన్న సచ్చిండ్రా?"

అలా ఎందుకన్నారని అడిగాను.

"ఇంట్ల సప్పుడు లేదంటే మనిషి లేనట్టే గద మేడం. పొయ్యి ముట్టిచ్చెటోళ్లు లేరు, దర్వాజ తీసెటోళ్లు లేరు. గట్లాంటి ఇంట్ల పైసలిచ్చి ఎవలు పంటరు?"

వెనక సీట్లో శ్రీకాంత్ గారు కళ్లు మూసుకుని ఉన్నారు. నేను మేడమ్‌కు మెసేజ్ పెట్టాను. "స్థానికుల్లో చర్చ మొదలైందన్నమాట, మంచిదే" అని జవాబొచ్చింది. ఫోన్ కిటికీలోంచి విసిరేయాలనిపించింది. లింగంపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా వరి, మొక్కజొన్న చేలు. మామూలు రోజైతే అద్దం దించి హాయిగా చూస్తూ కూర్చునేదాన్ని. ఆ రోజు మాత్రం ఫ్లెక్సీ సంగతి ఆ ఇంటివాళ్ల చెవిన పడి ఉండకూడదని దేవుళ్లకు మొక్కుకుంటూ కూర్చున్నాను.

దేవుళ్లెవరూ పలకలేదు. మట్టిదారిలోకి తిరగగానే డప్పులు వినిపించాయి. ఇంటి ముందు షామియానా, ట్రాక్టర్లు, కట్టెల పొయ్యి మీద పెద్ద గంజుల్లో బగార అన్నం, మటన్. ఊరు ఊరంతా అక్కడే ఉందనిపించింది. గుమ్మంలో రాజిరెడ్డి గారి తల్లి లచ్చవ్వ నిలబడి ఉంది. కాళ్లకు నీళ్లిచ్చి, నేను తలెత్తేదాకా ఆగి అడిగింది.

"ఏం బిడ్డా, మా ఇంట్ల సప్పుడు లేదని రాసినవట?"

"నేను కాదవ్వా, మా ఆఫీసులో..."

"ఆఫీసంటే నువ్వే గద. బీర్కూర్ల ఉన్న నా ఆడిబిడ్డ ఏడ్సుకుంట ఫోన్ జేసింది. ఏమైందొదినా, ఇంట్ల అందరు మంచిగున్నరా అని. అందుకే అందర్ని పిలిపిచ్చిన. ఇప్పుడు జెప్పు, సప్పుడున్నదా లేదా?"

"ఉందవ్వా" అన్నాను. డప్పుల్లో నా మాట నాకే వినపడలేదు.

శ్రీకాంత్ గారిని అరుగు మీద కూర్చోబెట్టారు. ఏ ఊరు, పిల్లలెంతమంది అని వరసగా అడిగితే ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నవ్వారు. "అయ్యో, మాటలు రావా బిడ్డకు!" అని లచ్చవ్వ ఆయన విస్తట్లో మరో నాలుగు ముక్కలు వేసింది. పాపమని ఒకరి తర్వాత ఒకరు వచ్చి వడ్డించారు. నాలుగోసారి గరిటె రాగానే ఆయన మౌనవ్రతం విరిగింది. "వద్దండీ బాబూ!" అని కేకపెట్టారు. మొక్కు ఫలించినట్టు షామియానా అంతా చప్పట్లు కొట్టింది.

అప్పుడే మేడమ్ ఫోన్. ఖాళీ అరుగు, ఒక్క టీ కప్పు, వీలైతే కాస్త పొగమంచు, వెంటనే ఫొటో కావాలట. మిట్టమధ్యాహ్నం పొగమంచు ఎక్కడ తేను? కానీ ఉద్యోగం గుర్తొచ్చింది. సిగ్గు చంపుకుని లచ్చవ్వ దగ్గరికెళ్లి, అందరూ ఒక్క ఐదు నిమిషాలు లోపలికి వెళ్తే ఫొటో తీసుకుంటానన్నాను.

లచ్చవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "వచ్చిన మందిని లోపట వెట్టి, ఉత్త అరుగు ఫొటో తీస్తవా? మళ్ల గదే రాస్తవా?"

డప్పులు ఆగిపోయాయి. ఆ ఇంట్లో ఆ రోజు నిశ్శబ్దం వినిపించింది అప్పుడే. శ్రీకాంత్ గారొక్కరే తలెత్తి హాయిగా ఊపిరి పీల్చారు. నేను ఫోన్ సంచిలో పెట్టేసి, వెళ్లి బంతిలో కూర్చున్నాను. మటన్ వేడిగా ఉంది. అంత చిరాకులోనూ రెండుసార్లు పెట్టించుకున్నాను.

భోజనాలయ్యాక శ్రీకాంత్ గారు మా కారు తీసుకుని వెళ్లిపోయారు. "భోజనం అద్భుతం, కానీ ఇది నా శీర్షికకు పనికిరాదమ్మా" అన్నారు. రాజిరెడ్డి గారు నన్ను తన బండి మీద ఎల్లారెడ్డి బస్టాండులో దింపారు. చేతికి ఒక టిఫిన్ డబ్బా ఇచ్చి, నేల చూస్తూ అన్నారు. "ఫ్లెక్సీలు ఇయ్యాలనే దింపిస్తున్న మేడం. మీరు మళ్ల రాండ్రి. తప్పకుంట రావాలె. పని మీద గాదు, చుట్టాల లెక్క రాండ్రి."

ఎంత మంచి మాటో అనుకుంటూ బస్సెక్కాను. తెలంగాణ అడ్రసున్న ఆధార్ చూపించి, ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు తీసుకున్నాను. లింగంపేట వచ్చేదాకా నాకు వెలగలేదు, మమ్మల్ని పనిలోంచి తీసేశారని. మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను.

"తిట్టారా?"

"లేదు మేడమ్. చుట్టాల్లాగా రమ్మన్నారు."

"అయితే పోలేదుగా! రేపు బిల్లు పంపు."

పోయింది మేడమ్, అని రెండుసార్లు చెప్పినా ఆవిడకు అర్థం కాలేదు. కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. ఏడుపొచ్చింది, ఒళ్లూ మండింది. ఇన్నేళ్లుగా అతిథి, ఆతిథ్యం అని రోజుకు వందసార్లు టైపు చేస్తూ నేను నేర్చుకున్నదల్లా మనుషుల్ని పక్కకు జరిపి గదిని అందంగా చూపించడం. లచ్చవ్వ ఆ పని ఒక్క పూట కూడా చేయనివ్వలేదు. ఇప్పుడు నాకు ఆ ఇంటికి వెళ్లే హక్కుంది, వెళ్తే చూపించుకోవడానికి ఉద్యోగమే లేదు.

మీరు వెళ్లేటట్టయితే ఒక్క మాట. ఎల్లారెడ్డి నుంచి తిరుగు బస్సు వేళలు బస్టాండులో దిగగానే కనుక్కోండి, చీకటిపడ్డాక పలచబడతాయి. గదికి ముందే ఫోన్ చేయండి. లచ్చవ్వ ఎత్తితే అద్దె ఎంతని మొదలుపెట్టకండి. మీది ఏ ఊరో, ఎంతమంది వస్తున్నారో చెప్పండి, పొయ్యి మీద గంజు ఎంతది పెట్టాలో ఆవిడకు తెలియాలి.