లైట్లక్క ఇంటర్వ్యూ

తను వార్డు చూసుకునే పాత ఆసుపత్రి మూతపడ్డాక లైట్లక్కకు సాయంత్రాలు మిగిలిపోయాయి.

ఇప్పుడు రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. వచ్చినవాళ్ళు చెయ్యి చాపుతారు, దూది అదుముకుని వెళ్ళిపోతారు. ఎవరూ పడుకోరు. ఎవరికీ దుప్పటి సర్దనక్కర్లేదు. చీకటి పడకముందే షట్టరు దించేస్తారు. బస్సులో కూర్చుని, ఈపాటికి వార్డులో ఫ్లాస్కుల మూతలు తీస్తూ ఉంటారు అనుకుంటుంది. ఆ వార్డు లేదని తెలిసీ అనుకుంటుంది.

అందుకే వేరే ఆసుపత్రిలో వార్డు మేనేజరు ఉద్యోగం ఖాళీ అనగానే ప్రాణం లేచొచ్చింది.

ఇంటర్వ్యూకి ఆడపడుచు తర్ఫీదు ఇచ్చింది. తప్పులు ఎత్తి చూపితే ఎలా తీసుకుంటారని తప్పకుండా అడుగుతారంది. "నిన్ను ఒక మాట అని క్షేమంగా ఇంటికెళ్ళినవాళ్ళున్నారా వదినా? మా అన్నయ్యను లెక్కలో వెయ్యకు, ఆయన ఉండేదే ఇంట్లో" అని నవ్వింది. జవాబూ తనే చెప్పింది. ప్రతి విమర్శా ఎదగడానికి ఒక అవకాశం అనాలట. లైట్లక్క కూర తరుగుతూ వల్లె వేసింది.

ఇంటర్వ్యూ గదిలో పెద్ద డాక్టరు, ఉద్యోగ నియామకాలు చూసే ఆఫీసరమ్మ. ఆమే ఆ ప్రశ్న అడిగింది. వల్లె వేసిన వాక్యం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. దాని బదులు జరిగింది చెప్పింది.

పాత వార్డులో చూడవచ్చినవాళ్ళు వేళ దాటినా కదిలేవారు కాదు. పొమ్మంటే గొడవ. అందుకని తను ఒక పద్ధతి పెట్టింది. టైమవగానే ఒక్క క్షణం లైట్లు ఆర్పి మళ్ళీ వేసేది. ఎవరినీ ఏమీ అనకుండానే అందరూ లేచేవారు. అలా లైట్లక్క అన్న పేరే ఆమెకు నిలిచిపోయింది. ఒకరోజు ఒక ముసలాయన వచ్చి, సరిగ్గా సెలవు తీసుకునే వేళకే మా ఆవిడ ముఖం కనబడకుండా చేస్తున్నావమ్మా అన్నాడు. ఆ రాత్రంతా ఆయన మీద కోపంగానే ఉంది. మర్నాడు స్విచ్చు మీద వేలు పెట్టింది, నొక్కలేకపోయింది. అప్పటినుంచి మంచం మంచం దగ్గరికీ వెళ్ళి, ఇక బయల్దేరండి అని తనే చెప్పేది.

"దాంతో రౌండ్లు ఆలస్యమై ఉండాలే" అన్నాడు పెద్ద డాక్టరు.

అయ్యాయంది. డాక్టర్లు గొణిగారంది. అయినా మార్చలేదంది.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఒకరి మాట విన్నారు, ఇంకొకరిది వినలేదు. రౌండు ఆలస్యమైతే రాత్రి మందు ఆలస్యమవుతుంది. మీకు వేళ మీద పట్టు లేదమ్మా. ఈ పనికి అది పెద్ద లోటు."

లైట్లక్కకు చెవులు వేడెక్కాయి. ఉద్యోగం చేజారిందని అర్థమైంది. లేచి నమస్కారం పెట్టబోయి, ఒక్కటే అడిగింది, వెళ్ళేముందు ఒకసారి వార్డు చూడవచ్చా అని. ఆఫీసరమ్మ ముఖం చిట్లించింది. డాక్టరు సరేనన్నాడు.

చూడవచ్చినవాళ్ళు వెళ్ళే వేళే అది. కుర్చీలు జరుగుతున్నాయి. డెట్టాలు, నలిగిన దుప్పట్లు, ఎవరో ఒలుస్తున్న బత్తాయి. ఆ వాసన గుండెల నిండా పీల్చుకుంది. గోడకు ఆనుకుని నిలబడింది. తలుపు దగ్గరి మంచాలు ముందు ఖాళీ అవుతున్నాయి. కిటికీ వైపు వాళ్ళు ఇంకా చేతులు పట్టుకునే ఉన్నారు. పాత వార్డులోనూ అంతే. డాక్టర్లు మాత్రం అలవాటు కొద్దీ కిటికీ వైపునుంచే రౌండు మొదలుపెట్టేవారు.

వెనక్కి వెళ్ళి ఇంటర్వ్యూ గది తలుపు తట్టింది. మీరన్నది నిజమేనండి అంది. రౌండు తలుపు దగ్గర మొదలైతే, చివరి మంచం చేరేసరికి వాళ్ళూ లేస్తారు, మందూ ఆగదు.

"ఇన్నేళ్ళలో ఇది తట్టలేదా?" అన్నాడు డాక్టరు.

"గొణిగినవాళ్ళే తప్ప, లోటు నాదని ముఖం మీద చెప్పినవాళ్ళు లేరండి. నేనూ వాళ్ళదే తప్పనుకున్నాను."

ఆయన ఆఫీసరమ్మ వైపు చూశాడు. ఆమె కాగితం మళ్ళీ దగ్గరికి లాక్కుని, ఎప్పుడు చేరగలరని అడిగింది.

ల్యాబులో చెప్పి రావాలి, వచ్చేవారం చేరతానంది లైట్లక్క. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఈ పూట వాళ్ళందరూ వెళ్ళేదాకా అక్కడ ఉండనా అండీ?"